హైస్కూలు గడప నుండి కాలేజి వాకిటి దాకా
(కరీంనగరం, ఆదిలాబాదు జిల్లాల చదువుల చరిత్రలో ఒక భాగము)

శతాబ్ది సంచికకు ఏదైనా వ్రాయుమని సంపాదక వర్గము వారు కోరినప్పుడు మేము కొంత తటపటాయించినాము. గుడుల కట్టడము గురించి, తొలి గురువుల సేవను గురించి మాకంటె బాగుగా వ్రాయగల పెద్దలు మన సంఘాలలో చాలామంది వున్నారు. అందుచేత మేము బడిని ఎన్నుకొన్నాము. బడి అంటే అక్షరాలు దిద్దించిన చిన్న బడి కాదు. దానిని గురించి ప్రతి సంచికలోను ఎవరో ఒకరు వ్రాస్తూనే వున్నారు. మేము వ్రాయదలచినది హైస్కూలు సంగతి. అందులోను, హైస్కూలు తన పిల్లలను కాలేజి వాకిటి దాకా ఏ విధముగా చేర్చింది, ఎక్కడ చేర్చలేక నడిదారిలో వదిలివేసింది అనే సంగతి. మాలో కొందరము ఈ జిల్లాలలో పంతుళ్ళుగా పనిచేసి పెన్షను తీసుకొంటున్నవారము, మిగిలినవారము ఆ బడులలో చదివి బయటపడినవారము. ఇందులో పొగడ్త వున్నంత మేరకు ఫిర్యాదు కూడ వున్నది. పాఠకులు మన్నించవలెను.

ముందుగా ఒక మాట. కరీంనగరం, ఆదిలాబాదు అని మేము వ్రాసినప్పుడెల్లా పాత జిల్లాలనే అనుకోవలెను. 2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టిన తరువాత జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల ఒక వైపునను, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాదు ఇంకొక వైపునను వేరు జిల్లాలయినవి. కాని గోదావరికి ఈ ఒడ్డున, ఆ ఒడ్డున చదువుకొన్న మా తరము వారికి అవి రెండు జిల్లాలే.

నిజాము కాలములో బడికి మూడు మెట్లుండేవి. క్రింది మెట్టు తహతానియా, నడిమిది వస్తానియా, పైది ఫౌఖానియా. ఫౌఖానియా అంటే నేటి హైస్కూలు. అది తాలూకా కేంద్రములో కూడ వుండేది కాదు, జిల్లా కేంద్రములో వుంటే అదే గొప్ప. పల్లెలో తెలుగు మాట్లాడే పిల్లవాడు బడికి వచ్చేసరికి ఉర్దూలో లెక్కలు చేయవలె, ఉర్దూలో చరిత్ర చదువవలె. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూను బోధనా భాషగా పెట్టుకొన్నది. ఒక దేశభాషలో పై చదువులన్ని చెప్పిన తొలి విశ్వవిద్యాలయము అది గనుక దాని కీర్తిని మేము కాదనము. అయితే ఆ దేశభాష మన పిల్లవాని ఇంటి భాష కాదు. డాక్టరు సి. నారాయణరెడ్డిగారి కథ అందరికీ తెలిసినదే. 1931లో సిరిసిల్ల దగ్గర హనుమాజీపేటలో పుట్టి, సిరిసిల్లలోను కరీంనగరములోను చదివి, డిగ్రీ వరకు ఉర్దూ మాధ్యమములోనే గడిపి, ఆపైన తెలుగు ఎం.ఏ. చేసి, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము అందుకొన్నారు. ఆయన గెలిచినారు గనుక మనము ఆ కథను సంతోషముగా చెప్పుకొంటాము. ఆ ఉర్దూ లెక్కల పుస్తకము దగ్గరనే ఆగిపోయి తిరిగి నాగలి పట్టినవారి పేర్లు ఏ సంచికలోను వుండవు.

పి.వి. నరసింహారావుగారిది ఇంకొక తీరు. ఆయన పెరిగిన వంగర గ్రామము అప్పుడు కరీంనగరము జిల్లాలోనిది. హైస్కూలు చదువుకు హనుమకొండ పోవలసివచ్చింది. 1938 నాటి వందేమాతరం ఉద్యమములో పాల్గొన్నందున నిజాము రాజ్యములో చదువు సాగక నాగపూరు, పూణే పట్టణాలకు వెళ్ళి డిగ్రీలు సంపాదించినారు. ఇంట్లో భూమి వున్నది గనుక అది వీలయినది. పాలేరు కొడుకుకు, మగ్గము నేసేవాని కొడుకుకు పూణే ఎక్కడిది?

మన మిషను బడుల సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. 1880లలో వెస్లియన్ మిషనువారు కరీంనగరములో పని ఆరంభించిన నాటి నుండి బడి, ఆసుపత్రి, గుడి మూడు కలిసే నడిచినవి. ఊరి బడిలో అడుగు పెట్టనివ్వని మాలవాడ, మాదిగవాడ పిల్లలకు ఉపదేశి గారి పంచలో కూర్చుండి పలక పట్టే అవకాశము దొరికింది. ఆ పనికి విలువ కట్టడము మా తరము కాదు. దొరసానులు ఆడపిల్లలకు బోర్డింగులు పెట్టినప్పుడు ఊరివారు నవ్వినారని మా నాయనమ్మలు చెప్పేవారు. మబ్బుల లేచి బాయినీళ్ళు మోసి, ప్రార్థన చేసి, గట్క త్రాగి, తాటుపట్టీ మీద కూర్చుండి చదివి, రాత్రి కందీలు చుట్టు గుండ్రముగా కూర్చుండి మళ్ళీ చదివిన బోర్డింగు పిల్లల క్రమశిక్షణ తరువాతి కాలములో ఏ హాస్టలులోను మేము చూడలేదు.

అయితే నిజము కూడ చెప్పుకోవలె. మన పెద్దలు పిల్లలను చదివించినది చాలావరకు ఒక పనికి సరిపడేటంతే. మగపిల్లవాడయితే టీచరు ట్రెయినింగు, లేదా ఉపదేశి పని, లేదా ఆసుపత్రిలో కాంపౌండరు. ఆడపిల్లయితే నర్సు, లేదా పంతులమ్మ. ఇవి గౌరవమయిన పనులే. మా ఇండ్లలో ఈనాడున్న తిండి, బట్ట ఆ నర్సుల, పంతులమ్మల జీతాలతో వచ్చినవే. కాని ఎనిమిదవ తరగతిలో మంచి మార్కులు వచ్చిన అమ్మాయిని చూచి, ఈమె బి.ఎస్సీ. చదువగలదు అని అనుకొన్నవారు ఎందరు? ట్రెయినింగుకు వయసు చాలుతుందా లేదా అనే లెక్కే ముందు వచ్చేది. కాలేజి హైదరాబాదులో, సికిందరాబాదులో వున్నది. అక్కడ ఖర్చు పెట్టేదెవరు అన్న ప్రశ్నకు సంఘము దగ్గర జవాబు లేదు. లేనిది తెచ్చి ఇవ్వమని మేము అడుగుట లేదు. ఆ ప్రశ్న అడిగే అలవాటయినా వుండవలసినది అనుకొంటున్నాము.

ఆదిలాబాదు అడవులలో ఇదే కాలములో జరిగిన ఒక ప్రయత్నము మన సంఘస్థులలో చాలామందికి తెలియదు. 1940లో జోడేఘాటులో కుమ్రం భీము పోలీసుల తుపాకులకు బలి అయిన తరువాత, గోండుల అలజడికి కారణాలు తెలుసుకొనుటకు నిజాము ప్రభుత్వము హైమెన్‌డార్ఫు అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుని ఉపయోగించుకొన్నది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తు మార్లవాయి గ్రామములో గుడిసె వేసుకొని వున్నారు. 1943లో అక్కడనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రము పెట్టినారు. గోండి భాషలో, దేవనాగరి లిపిలో వాచకాలు అచ్చు వేయించినారు. కొంచెము అక్షరాలు వచ్చిన గోండు యువకులను ఏరి తెచ్చి, వారినే పంతుళ్ళను చేసినారు. పిల్లవాడు ముందు తన భాషలో చదువుట నేర్చుకొని, ఆపైన ఇతర భాషలకు పోవలెనన్నది ఆ పథకము. అక్కడ చదివినవారిలో కొందరు పంతుళ్ళయినారు, కొందరు పట్వారీలు, అటవీశాఖ ఉద్యోగులు అయినారు. పట్టా కాగితములో ఏమి వ్రాసివున్నదో చదివి చెప్పగలవాడు గూడెములో ఒకడు వుంటే ఎంత తేడా వస్తుందో ఆ రోజులలో తెలిసినది. బెట్టీ ఎలిజబెత్తుగారు 1987లో మరణించినప్పుడు ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసినారు. 1995లో హైమెన్‌డార్ఫుగారు కూడ పోయినారు. ఆ పథకము మాత్రము హైస్కూలు దాకా ఎదగలేదు. ఇంటి భాషలో మొదలు పెట్టిన చదువు, పై మెట్టు మీద పరభాషలో పడినప్పుడు చేయి పట్టుకొనేవారు లేకపోతే పిల్లవాడు జారిపోతాడు. గోండు పిల్లవానికి జరిగినది, మన మాదిగవాడ పిల్లవానికి జరిగినది ఒక్కటే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఉర్దూ పోయి తెలుగు వచ్చింది. ఇది వ్రాయుటకు ఒక వాక్యము చాలును గాని అప్పుడు ఏడవ తరగతిలో, ఎనిమిదవ తరగతిలో వున్నవారిని అడిగితే తెలుస్తుంది. నిన్నటిదాకా ఉర్దూలో నేర్చిన రేఖాగణితమును నేడు తెలుగులో చెప్పవలె. పంతులుకే ఆ పదాలు రావు. తెలుగు వచ్చిన పంతుళ్ళు చాలక ఇతర ప్రాంతాలనుండి తెప్పించినారు. 1952లో వరంగల్లులో మొదలయి రాష్ట్రమంతా వ్యాపించిన ముల్కీ ఆందోళనకు ఈ పంతుళ్ళ నియామకాలే కారణము. పెద్దల తగవులో న్యాయము ఎవరి వైపున వున్నదో ఇక్కడ విచారించము. బడిలో మాత్రము ఆ పంతుళ్ళలో చాలామంది బాగుగా చెప్పినారని, వారి వల్లనే మాకు ఆల్జీబ్రా వచ్చినదని మాలో ముసలివారు సాక్ష్యము చెప్తారు.

ఉస్మానియా కాలేజీలలో ఉర్దూ స్థానమునకు ఇంగ్లీషు వచ్చింది. అంటే హైస్కూలు తెలుగులోను, కాలేజి ఇంగ్లీషులోను. ఇదివరకు ఒక గోడ, ఇప్పుడు ఇంకొక గోడ. 1956లో కరీంనగరములో శ్రీ రాజరాజేశ్వర కాలేజి వచ్చిన సంవత్సరమును మేము మన జిల్లా చరిత్రలో పెద్ద సంవత్సరముగా ఎంచుతాము. రాష్ట్రము ఏర్పడినది కూడ ఆ సంవత్సరమే గాని, మా ఇండ్లలో రాష్ట్రము సంగతి కంటె కాలేజి సంగతే ఎక్కువ మాట్లాడుకొన్నారు. బస్సెక్కి పోయి సాయంత్రానికి ఇంటికి తిరిగి రాగల దూరములో కాలేజి! అప్పటివరకు మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజునగరము పిల్లలకు కాజీపేట రైలు ఒక్కటే ఆధారము. కరీంనగరము పిల్లలకు ఆ రైలు కూడ లేదు. సిరిసిల్ల, జగిత్యాల, హుజూరాబాదు నుండి వచ్చిన పిల్లలు కరీంనగరములో అద్దె గదులు తీసుకొని నలుగురు కలిసి వండుకొని తిన్నారు. మన సంఘపు పిల్లలు కొందరు మిషను కాంపౌండులో తెలిసినవారి వరండాలలో పండుకొని చదివినారు. ఆ వరండాల ఋణము చెప్పకుండ ఈ వ్యాసము ముగించుట న్యాయము కాదు.

కాలేజి వచ్చినదని అందరు చేరలేదు. చేరినవారిలో చాలామంది మొదటి సంవత్సరములోనే తప్పినారు. ఎందువల్ల? హైస్కూలులో ఇంగ్లీషు అంటే ఒక పాఠ్యపుస్తకము, కొన్ని ప్రశ్నలు, వాటికి బట్టీ పట్టిన జవాబులు. కాలేజిలో ఫిజిక్సు అధ్యాపకుడు గంటసేపు ఇంగ్లీషులో మాట్లాడి వెళ్ళిపోతే, పిల్లవాడు ముందు బెంచీవాని నోట్సు తీసుకొని రాత్రి నకలు వ్రాసుకొనేవాడు. అర్థము గాని దానిని అందమైన అక్షరాలతో వ్రాసినాము. పరీక్షలో కూడ అట్లే వ్రాసినాము. తప్పినాము.

1969 సంవత్సరము రెండు విధాల గుర్తున్నది. తెలంగాణ ఉద్యమములో బడులు, కాలేజీలు నెలల తరబడి మూతబడి చాలామందికి ఒక విద్యాసంవత్సరము పోయినది. ఆ విద్యాసంవత్సరములోనే పి.యు.సి. పోయి రెండేండ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. దానికి కొంచెము ముందు, 1968లో తెలుగు అకాడమి స్థాపింపబడింది. ఈ అకాడమి పుస్తకాలను తక్కువగా చూచేవారు అప్పుడున్నారు, ఇప్పుడున్నారు. ఉద్‌గ్రహణము, అవక్షేపము వంటి మాటలు చూచి మేము కూడ నవ్వినాము. అయినా ఇంటరులో జీవశాస్త్రమును తన భాషలో చదివి, మొదటిసారి అర్థము చేసికొని, పరీక్షలో తన మాటలతో జవాబు వ్రాసిన పల్లె పిల్లవానికి ఆ పుస్తకము చేసిన మేలు చిన్నది కాదు. ఆ దశాబ్దములో మన రెండు జిల్లాల నుండి డిగ్రీ పూర్తి చేసిన తొలి తరము దళిత క్రైస్తవ యువకులలో అనేకులు తెలుగు మాధ్యమము వారే.

ఇక లెక్కల సంగతి. నేటి పిల్లలకు ఇది తెలియదు. 1970లలో మన హైస్కూళ్ళలో జనరల్ మాథమెటిక్సు, కాంపోజిట్ మాథమెటిక్సు అని రెండు వుండేవి. కాంపోజిట్ తీసుకొన్నవానికే ఇంటరులో ఎం.పి.సి. దొరుకుతుంది. జనరల్ తీసుకొన్నవానికి ఇంజనీరింగు తలుపు అప్పుడే మూసుకొన్నట్లు. ఈ నిర్ణయము చేసేటప్పుడు పిల్లవానికి పదమూడు పదునాలుగు ఏండ్లు. తండ్రికి ఆ రెండు మాటల అర్థము తెలియదు. బడిలో లెక్కల అయ్యవారు లేకపోతే అందరిని జనరల్‌లో కూర్చుండబెట్టుట సులువు. మాలో ఒకరికి ఈ అనుభవమున్నది. ఆయన చదివిన హైస్కూలు పేరు వ్రాయవద్దని ఆయనే కోరినారు. లెక్కలలో చురుకైన ఆ పిల్లవానికి, కాంపోజిట్ కష్టము, తప్పితే బడి పాసు శాతము పడిపోతుంది, జనరల్ తీసుకో అని చెప్పినారట. ఆయన ఆ తరువాత బి.ఏ. చదివి మంచి ఉద్యోగమే చేసినారు. ఇప్పటికీ మనుమల లెక్కల పుస్తకము దొరికితే వదలరు.

పాసు శాతము అనే ఈ జబ్బు అప్పటిదీ, ఇప్పటిదీ. పదవ తరగతిలో నూటికి నూరు వచ్చినదని బ్యానరు కట్టిన బడి, తొమ్మిదవ తరగతిలో ఎంతమందిని ఆపివేసినదో ఆ బ్యానరు మీద వ్రాయదు. పాసయిన పిల్లలు జూన్ నెలలో ఎక్కడ చేరినారో కూడ వ్రాయదు. మా అభిప్రాయములో హైస్కూలు పనికి అసలు పరీక్ష మార్చి నెలలో కాదు, జూన్ నెలలో జరుగుతుంది.

ఎందుకంటే పదవ తరగతి ఫలితాలకు, కాలేజి అడ్మిషనుకు నడుమ వున్న ఆ కొద్ది వారాలలోనే మన పిల్లలు ఎక్కువగా తప్పిపోతారు. టి.సి. కావలె, కాండక్టు సర్టిఫికేటు కావలె, బోనఫైడు కావలె, కుల ధృవపత్రము, ఆదాయ ధృవపత్రము కావలె. మండలాఫీసు చుట్టు తిరిగేసరికి తండ్రి నాలుగు రోజుల కూలి పోతుంది. పుట్టిన తేదీ తప్పు వుంటుంది. మా కాలములో బడిలో వేసేటప్పుడు పంతులుగారు పిల్లవాని చేయి తలమీదుగా అవతలి చెవికి అందుతున్నదా అని చూచి, అందితే తనకు తోచిన ఒక తేదీ వేసేవారు. ఒకే ఇంట్లో అన్నకు తమ్మునికి నాలుగు నెలల తేడాతో తేదీలు పడిన సందర్భములు మాకు తెలుసు. ఇటువంటి చోట మన గుడి బాప్తిస్మపు రిజిష్టరు చాలామందిని కాపాడింది. పాస్టరుగారు బీరువా తెరిచి, చెదలు కొట్టని పుటను వెదికి, నకలు వ్రాసి, ముద్ర వేసి ఇచ్చిన కాగితము ముక్క పట్టుకొని తేదీలు సరిచేయించుకొన్నవారు మా సంఘములోనే ఎందరో వున్నారు.

అదే రిజిష్టరు ఇంకొక ముడి కూడ వేసింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులాల గుర్తింపు హిందువులకు మాత్రమే దక్కింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రములో 1970 నుండి షెడ్యూల్డు కులాల నుండి వచ్చిన క్రైస్తవులను వెనుకబడిన తరగతులలో ‘సి’ గ్రూపుగా చేర్చి ఒక శాతము రిజర్వేషను ఇచ్చినారు. 1977లో ప్రభుత్వము స్కాలర్‌షిప్పుల వంటి ఆర్థిక రాయితీలను వారికి కూడ వర్తింపజేసింది. కాని కాలేజి సీటు దగ్గరకు వచ్చేసరికి ఆ ఒక్క శాతమే. అందుచేత జరిగినదేమి? గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. ఆదివారమునాడు సమూయేలు, సోమవారమునాడు సారయ్య. హైస్కూలులో చేర్పించే రోజుననే తండ్రి ఈ నిర్ణయము చేయవలె, అది కాలేజి సీటు వరకు వెంట వస్తుంది. శతాబ్ది సంచికలో ఈ మాట వ్రాయుట కొందరికి నచ్చకపోవచ్చును. కాని మన పిల్లవాడు కాలేజికి సిద్ధముగా వున్నాడా లేదా అని అడిగేటప్పుడు వాని తలలో ఎంత చదువున్నదో మాత్రమే చూస్తే సరిపోదు. ఏ పేరు చెప్పవలెనో తెలియక కౌంటరు ముందు నిలుచున్న పదహారేండ్ల పిల్లవాని గొంతు తడబడుట మేము చూచినాము. వానిని తప్పు పట్టే ధైర్యము మాకు లేదు. విశ్వాసము కోసము సీటు వదులుకొన్న కుటుంబాలు కూడ మనలో వున్నవి. వారిని గురించి ప్రసంగాలలో చెప్తాము, వారి పిల్లల ఫీజులు మాత్రము ఎవరమూ కట్టలేదు.

వసతి బడుల సంగతికి వద్దాము. ముఖ్యమంత్రిగా వున్నప్పుడు పి.వి.గారు 1971 నవంబరులో నల్లగొండ జిల్లా సర్వేలులో మొదటి గురుకుల పాఠశాలను ప్రారంభింపజేసినారు. బీద ఇంటి తెలివిగల పిల్లవానికి తిండి, పడక, పుస్తకము, పంతులు ఒకే చోట ఇస్తే ఏమవుతుందో చూడవలెనన్న ఆలోచన అది. బోర్డింగులలో పెరిగిన మాకు అది క్రొత్తగా తోచలేదు, దొరసాని పెట్టిన పద్ధతినే సర్కారు పెద్ద ఎత్తున పెట్టినదనుకొన్నాము. తరువాత సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ గురుకులాలు వచ్చినవి. 1980ల రెండవ భాగములో వచ్చిన నవోదయ విద్యాలయాలలో చొప్పదండిది, కాగజునగరుది మన వాటికి వచ్చినవి. 2016 నుండి మైనారిటీ గురుకులాలలో క్రైస్తవ పిల్లలకు కూడ చోటున్నది. ఈ సంగతి తెలియని సంఘాలు ఇంకా వున్నవంటే ఆశ్చర్యము వేస్తుంది. గురుకులము చేసిన మేలు పాఠము చెప్పడములో కంటె, సాయంత్రము ఆరు నుండి తొమ్మిది వరకు పిల్లవాని కాలమును కాపాడుటలో వున్నది. ఇంట్లో వుంటే ఆ మూడు గంటలు బీడీ ఆకు కత్తిరించుటకో, కండెలు చుట్టుటకో, గొడ్లు కట్టివేయుటకో పోతాయి. ముఖ్యముగా ఆడపిల్లకు.

2008లో బాసరలో రాజీవ్ గాంధీ పేరుతో వచ్చిన విశ్వవిద్యాలయమును మన ప్రజలు ట్రిపుల్ ఐటీ అంటారు. పదవ తరగతి మార్కుల మీదనే తీసుకొని, ఇంటరుతో సమానమైన రెండేండ్లు, ఆపైన ఇంజనీరింగు నాలుగేండ్లు అక్కడనే చదివిస్తారు. ప్రభుత్వ బడులలో చదివినవారికి వారి గ్రేడు పాయింట్లకు తోడుగా 0.4 పాయింట్లు కలిపే పద్ధతి పెట్టినారు. ఈ చిన్న అంకె మన పల్లె హైస్కూళ్ళ ముఖము మార్చివేసింది. అప్పటిదాకా పట్నములో కోచింగు లేనిదే ఇంజనీరింగు లేదు అనుకొన్న పంతుళ్ళు, తమ బడి నుండే ఒక పిల్లను బాసర పంపవచ్చునని తెలిసి, ఉదయము ఏడు గంటలకే వచ్చి ప్రత్యేక తరగతులు తీసుకొన్నారు. ఒకరు ఎంపికయిన ఊరిలో మరుసటి సంవత్సరము నలుగురు గట్టిగా చదివినారు. బాసరలో భోజనము, వసతుల మీద విద్యార్థులు ఆందోళనలు చేసిన సంగతి మేము మరువలేదు. ఆ లోపాలు దిద్దవలసినవే. అయినా, కాలేజి తానే హైస్కూలు దగ్గరకు నడిచివచ్చిన సందర్భము మన జిల్లాలలో ఇది ఒకటే అని మా అభిప్రాయము. 2007లో జగిత్యాల జిల్లా నాచుపల్లి వద్ద జె.ఎన్.టి.యు. కాలేజి, 2008లో కరీంనగరములో శాతవాహన విశ్వవిద్యాలయము వచ్చిన తరువాత దూరము అనే మాట పాతబడింది.

దూరము తగ్గినా లెక్క పూర్తి కాలేదు. 2011 జనాభా లెక్కలలో కరీంనగరము జిల్లా అక్షరాస్యత 64 శాతము, ఆదిలాబాదుది 61 శాతము. తండ్రికి చదువు రాని ఇంట్లో పిల్లవాడు హోంవర్కు ఎవరిని అడగవలె? ఎనిమిదవ తరగతిలో వ్రాసే నేషనల్ మీన్స్ కం మెరిట్ పరీక్షలో నెగ్గితే తొమ్మిది నుండి ఇంటరు వరకు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. దానికి దరఖాస్తు పెట్టించే పంతులు వున్న బడిలో పిల్లలకు అది అందుతుంది, లేని బడిలో అందదు. పిల్లవాని తెలివి రెండు చోట్ల ఒకటే.

ఇప్పుడు భాష మళ్ళీ మారింది. 2022–23 నుండి ప్రభుత్వ బడులలో ఒకటి నుండి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశపెట్టినారు. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు వున్న పుస్తకాలు ఇచ్చినారు. ఆ ఏర్పాటు మాకు నచ్చింది, మా కాలములో అట్లాంటి పుస్తకము వుంటే ఎందరో మొదటి సంవత్సరములో తప్పేవారు కాదు. తల్లిదండ్రులు ఇంగ్లీషు అడుగుతున్నారు, వారిది తప్పనము. కాని 1948లో మాదిరిగానే పిల్లవాని కంటె ముందు పంతులు భాష మార్చుకోవలసివచ్చింది. మాలో ఒక పక్షము వారు ఇది ఆలస్యముగానైనా జరిగిన న్యాయమంటారు. రెండవ పక్షము వారు మార్లవాయి పాఠము మరిచినారంటారు. ఈ వ్యాసము వ్రాయుటకు కూర్చున్న మూడు సాయంత్రములలో ఒక సాయంత్రము పూర్తిగా ఈ తగవుకే పోయినది, తేలలేదు.

మా సంఘములో జరుగుతున్న ఒక చిన్న పని చెప్పి ముగిస్తాము. గుడి ప్రక్క హాలులో చాలా ఏండ్లుగా పదవ తరగతి పిల్లలకు రాత్రి చదువు నడుస్తున్నది. మొదట కందీళ్ళు, తరువాత ట్యూబులైట్లు, కరెంటు పోయే రోజులలో మళ్ళీ కందీళ్ళు. రిటైరయిన పంతుళ్ళు వంతులవారీగా వచ్చి కూర్చుంటారు. పిల్లలలో మన సంఘమువారు సగమే, మిగిలినవారు వాడలోని హిందువుల, ముస్లిముల పిల్లలు. మొదటి కొన్నేండ్లు మేము కూడ ఎందరు పాసయినారన్న లెక్కే వ్రాసి సంఘ కూటములో చదివి చప్పట్లు కొట్టించుకొన్నాము. తరువాత ఒక ఏడు సంఘ పెద్దలలో ఒకరు లేచి, నిరుడు పాసయినవారు ఇప్పుడెక్కడున్నారని అడిగినారు. జవాబు చెప్పలేకపోయినాము. ఇల్లిల్లు తిరిగి విచారిస్తే, ఇద్దరు ఆడపిల్లలకు పెండ్లిండ్లయినవి, ఒక పిల్లవాడు భివండీలో మగ్గాల మీద వున్నాడు, ఒకడు ఆదాయ ధృవపత్రము ఆలస్యమయినందున చేరనే లేదు. ముగ్గురు ఇంటరులో వున్నారు.

ఆనాటి నుండి రిజిష్టరులో ఇంకొక గడి గీసినాము. పేరు, మార్కులు, ఆపైన “జూన్ నెలలో ఎక్కడ చేరినారు” అని. మే నెలలో సెలవుల బైబిలు బడి ముగిసిన మరునాటి నుండి ఇద్దరు పెద్దలు, ఒక అమ్మగారు ఆ రిజిష్టరు చంకన పెట్టుకొని మండలాఫీసుకు, బ్యాంకుకు, కాలేజికి పిల్లల వెంట తిరుగుతారు. అప్లికేషను నింపుట, ఫోటో అంటించుట, ఏ గ్రూపు తీసుకోవలెనో తండ్రికి విడమరచి చెప్పుట వారి పని. బస్సు ఖర్చులు స్త్రీల మైత్రి వారు ఇస్తున్నారు. గత సంవత్సరపు పుటలో రెండు గడులు ఇంకా ఖాళీగా వున్నవి. ఆ రెండిండ్లకు అమ్మగారు ఈ వారములో మళ్ళీ పోయివచ్చినారు. ఒక ఇంటి తల్లి ఆలోచించి చెప్తానన్నది.